గున్నమ్మ చేతి ఓటు

జీలుగువలసలో ఆసారి ఓటరు ఒక్కతే. ఆ ఒక్కతీ పోలింగు అధికారి పారినాయుడు మాస్టారి పెళ్లాం గున్నమ్మ.

ఊళ్లో మనుషులు లేక కాదు. జాబితాలో ఎనిమిది వందల పన్నెండు పేర్లున్నాయి. మిగతా ఎనిమిది వందల పదకొండు మందీ ఆ తెల్లవారుజామున పశువులకి కుడితి పెట్టుకుంటూనో, ముసుగుతన్ని ఇంకో కునుకు తీస్తూనో ఉన్నారు. వాళ్ల ఓట్లు వాళ్ల నీడలు వేసేస్తాయి. ఏడు కొట్టగానే దేశంలో ఉన్న నీడలన్నీ ఒక్క పెట్టున ఓటేసి ఊరుకుంటాయి. పొయ్యి మీద టీ పొంగే లోపల పార్లమెంటు ఎన్నిక అయిపోతుంది.

అలాంటి రోజున డెబ్బై మూడేళ్ల మాస్టారు బడి గోడకి "పోలింగు కేంద్రం" అన్న కాగితాన్ని అన్నం మెతుకులతో అంటిస్తున్నాడు. పైనుంచి పంపిన జిగురు ఎండిపోయింది. సిరా సీసా మాత్రం బాగానే ఉంది. లక్క, కొవ్వొత్తి, ఇత్తడి సీలు, దారపుండ, ఓటర్లు సంతకం పెట్టే పదిహేడు-ఎ రిజిస్టరు. ముప్పయ్యేళ్లు మోసిన సామాను. బుర్ర మర్చిపోయినవి కూడా చేతులు మర్చిపోలేదు.

సొంత ఊరికి సొంత మనిషిని వెయ్యకూడదని పాత నియమం. కానీ ఆ పాత ఓటు మిషను ముట్టుకోవడం తెలిసినవాడు జిల్లాలో ఇంకొకడు దొరకలేదు. "మీరు తీసిన దారే కదా మాస్టారూ, మీరే నడవండి" అని సామాను అప్పజెప్పిన గుమస్తా నవ్వాడు.

నవ్వినా నిజమే. నీడ ఓటు అనే మాట ఈ దేశంలో మొదట పుట్టింది ఈ పల్లెటూరి లెక్కల మాస్టారి నోట్లోనే.

అది సైన్సు మీద మోజుతో పుట్టలేదు. చావు మీద కోపంతో పుట్టింది.

పాతికేళ్ల కిందట, ఒక మే నెల ఎన్నికల్లో మాస్టారికి వేరే మండలంలో డ్యూటీ పడింది. ఇక్కడ జీలుగువలస బూతులో గున్నమ్మ తల్లి నీలాలమ్మ లైన్లో నిల్చుంది. మిషను రెండు గంటలు మొరాయించింది. బడి వాకిలి పెనంలా కాలిపోతోంది.

"ముసిల్దానివి, ఎల్లి నీడకి కూకోయే. ఒక్క ఓటుకి ఏటౌతాది?" అన్నారెవరో.

"నాకున్నదే ఒక్కటిరా. నీకు నాలుగున్నాయేటి?" అని కసిరింది ముసలమ్మ. వేలికి సిరా పడకుండానే కుప్పకూలిపోయింది. మాస్టారు పెట్టెలు అప్పజెప్పి ఊరు చేరేసరికి పాడె కట్టేశారు.

ఆ రోజు నుంచి ఒకటే మాట పట్టుకున్నాడు. మనసులో ఉన్నది తెలుసుకోడానికి మనిషిని ఎండలో నిలబెట్టాలా? కనబడినవాళ్లందర్నీ అదే అడిగాడు. విన్నవాళ్లలో నవ్వనిది ఒక్క డాక్టర్ వైదేహి. మనిషి మాట తీరుని బట్టి మనసు తీరు లెక్కగట్టే ప్రయోగశాల విశాఖలో నడుపుతోందావిడ.

"లెక్క నా దగ్గరుంది మాస్టారూ. మనుషులు మీ దగ్గరున్నారు" అంది.

మూడేళ్లకి నీడ తయారైంది. చూడ్డానికి రేగిపండంత నల్లపూస. మెడలో తాడుకి కట్టుకుంటే చాలు, రెండేళ్లపాటు వింటుంది. ఎవర్ని తిట్టావు, ఎవరి మాటకి ఊ కొట్టావు, ఎవరి మాటకి ఊరుకున్నావు, సంతలో బేరం ఎక్కడ వదిలేశావు, అన్నీ వింటుంది. మొదటి పూస మాస్టారే కట్టుకున్నాడు. రెండేళ్లు నిండినరోజున వైదేహి దాన్ని బల్లమీద పెట్టి, "మాస్టారికి కాఫీయా, టీయా?" అని అడిగింది.

ఎదురుగా తెర మీద అక్షరాలు పడ్డాయి: "ఇష్టం కాఫీ. ఎదటివాళ్లు టీ తాగుతున్నారు కాబట్టి టీ అంటాడు."

"టీ" అనడానికి నోరు తెరిచిన మాస్టారు, ఆ నోరు అలాగే ఉంచేశాడు.

అసలు పరీక్ష జీలుగువలస వాళ్ల మీదే జరిగింది. అప్పటికే పూసలు కట్టుకుని ఉన్న రెండు వందల మందిని నాలుగు బస్సుల్లో విశాఖ తీసుకెళ్లాడు. ఆ రోజుల్లో పోటీ అంతా చేట గుర్తుకీ కుంచం గుర్తుకీ. హాలు గుమ్మం దగ్గరే పూసలు విప్పించి తీసుకున్నారు. ఆ తర్వాత మనుషులు లైన్లో నిలబడి, అట్టల చాటుకి వెళ్లి ఒక్కొక్కరే మీట నొక్కి వచ్చారు. సాయంత్రం పూసలు చెప్పినదాన్నీ చేతులు నొక్కినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండు వందలకి నూట తొంభై తొమ్మిది కలిశాయి.

వైదేహి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అరశాతం తప్పు మాస్టారూ! బూతుల్లో మనుషులు చేసే పొరపాట్లే అంతకన్నా ఎక్కువ."

కాగితం మీద పేర్లు లేవు, అంకెలే. కానీ ఆ అంకెలు వేసింది మాస్టారే. కలవనిది నూట పదిహేడు. నూట పదిహేడు గున్నమ్మ.

తిరుగు బస్సులో పక్కన కూర్చుని, నలుగురూ వినేటట్టే అన్నాడు. "ఏటే గున్నీ, నీ నీడ చేటంటే నీ చెయ్యి కుంచం మీద పడిందేటి? మా లెక్క చెడగొట్టినదానివి నువ్వొక్కదానివే!"

బస్సు గొల్లుమంది. గున్నమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"నా సేతి సంగతి నీకెవుడు సెప్పాడు?"

"ఎవరు చెప్పాలి? కాగితం మీద ఉంది."

"మా అమ్మకి సెప్పనేదు. నా తోడబుట్టినోల్లకి సెప్పనేదు. ముప్పయ్యేళ్లు కాపరం సేసి నీకూ సెప్పనేదు. నాకంటూ ఉండీది అదొక్కటే మాస్టారూ. అదీ లాగీసుకున్నావు."

పెళ్లయిన కొత్తలో ఊళ్లో పిల్లలందరూ పిలుస్తున్నారని గున్నమ్మ కూడా ఆయన్ని మాస్టారూ అనేది, వేళాకోళానికి. అదే అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం ఆ పిలుపులో వేళాకోళం లేదు. మాస్టారు పట్టించుకోలేదు. తప్పు ఎలా వచ్చిందని ఆ వారంలో రెండు మూడుసార్లు ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ చెప్పలేదు. సరే పొమ్మని, ఆ అరశాతాన్ని నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో రాసి మర్చిపోయాడు.

నీడ ఓటు మొదట వలసపోయినవాళ్లకే అన్నారు. చెన్నపట్నం ఇటుకబట్టీల్లో ఉన్నవాళ్ల ఓట్లు, హైదరాబాదులో మేడలు కడుతున్నవాళ్ల ఓట్లు మొట్టమొదటిసారి పడ్డాయి. మాస్టారి మెడలో దండలూ పడ్డాయి. తర్వాత మంచం పట్టినవాళ్లకి అన్నారు. ఆ తర్వాత అందరికీ. పార్లమెంటు ఎన్నికంటే ఇదివరకు ఎంత జాతర! విడతలు విడతలుగా నెలకి పైగా సాగేది. జీపులు, పడవలు, కొండదారుల్లో మనుషుల భుజాలు. ఏ ఓటరూ రెండు కిలోమీటర్లకి మించి నడవకూడదని, అడవిలో ఒక్క మనిషి ఉన్నా అతని కోసం మిషను మోసుకెళ్లేవాళ్లు. అంత జాతరా ఒక్క పూసలోకి దూరిపోయింది. నూటికి నూరు మంది ఓట్లూ పడుతున్నాయి. ఎండలో ఎవరూ పడిపోవడం లేదు.

దాంతోపాటు ఇంకేదో పోయిందని మాస్టారికి ఆలస్యంగా తెలిసింది.

ఊళ్లోకి ఓటడగడానికి వచ్చేవాడు లేడు. నీడలు ఏమంటాయో పార్టీలకి ముందే తెలుసు. తెలిసినదాన్ని పనిగట్టుకుని అడగడానికి వెర్రివాడెవడొస్తాడు? ఇదివరకు ఐదేళ్లకోసారైనా నాయకుడి జీపు ఊరి చివర వాగులో, గెడ్డలో, దిగబడేది. ఆడవాళ్లు ఖాళీ బిందెలు అడ్డంపెట్టి, జీపు కడిగినా కడగకపోయినా నాయకుణ్ణి మాత్రం కడిగి వదిలేవాళ్లు. అలా ఓసారి కడిగితేనే గెడ్డ మీద కల్వర్టు పడింది. అది కొట్టుకుపోయి ఇప్పటికి ఏడేళ్లు. వానలు పడితే పిల్లలకి హైస్కూలు లేదు, రోగికి ఆసుపత్రి లేదు. జనం తిడతారు. ఆ తిట్లు మెడలో పూస వింటుంది. విని, "వీడు తిడతాడు గానీ చేటకే వేస్తాడు" అని లెక్క కట్టుకుంటుంది. అన్నట్టే చేటకి పడుతుంది. పడదూ మరి? వేసేది వాడు కాదు కదా.

గున్నమ్మ తన పూసని ఎప్పుడో తెంపి చీపురుమూల పారేసింది. నీడ వద్దనుకున్నవాళ్లు చేత్తో వేసుకోవచ్చని చట్టంలో ఓ మూల రాసి ఉంది. స్వహస్తం అనే కాగితం ఇవ్వాలి. ఒక్కరిచ్చినా ఊళ్లో బూతు తెరవాల్సిందే. చెల్లిన చేతి ఓటు ఒక్కటి కూడా పడకపోతే మాత్రం ఆ బూతు రద్దయిపోతుంది. పోయినసారి జీలుగువలసలో తొమ్మిదిమంది ఉన్నారు. ఈ ఐదేళ్లలో నలుగురు కాలం చేశారు. మిగిలిన నలుగురూ "ఎందుకొచ్చిన ఎండమ్మా" అని పూసలు కట్టేసుకున్నారు.

"నీ ఒక్కదాని కోసం మిషను, జీపు, పోలీసూ. అవసరమా?" అన్నాడు మాస్టారు, ఆవిడ స్వహస్తం కాగితం మీద సంతకం పెడుతుంటే.

"నా ఒక్కదాని కోసం కాదు. నా ఓటు పడితే బూతుంటాది. బూతుంటే మల్లీసారి ఇంకో నలుగురొస్తారు. అదే పోతే, రావాలన్నా ఎక్కడికొస్తారు?"

అదీ ఆవిడ పట్టుదల. ఒక్క ఓటు చెల్లాలి, ఊరికి బూతు మిగలాలి.

ఐదున్నరకి నమూనా పోలింగు మొదలైంది. అసలు పోలింగుకి ముందు, పార్టీ ఏజెంట్ల ఎదుట ఉత్తుత్తి ఓట్లు యాభై వేసి చూపించాలి. మిషను సరిగ్గా లెక్క పెడుతోందని వాళ్లు ఒప్పుకున్నాక ఆ యాభైనీ తుడిచేసి, సున్నా చూపించి, ఓటు ఓటుకీ మిషను పెట్టెలో రాలిన కాగితం చీటీలు నల్ల కవరులో పెట్టి సీలు వెయ్యాలి. క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఈ మూడు బొత్తాలనీ మాస్టారు ముప్పయ్యేళ్లు శిక్షణ తరగతుల్లో జపంలా నేర్పాడు. "అన్నం తినడం మర్చిపోండి గానీ క్లియర్ నొక్కడం మర్చిపోకండి" అనేవాడు. నొక్కకపోతే ఉత్తుత్తి ఓట్లూ అసలు ఓట్లూ కలిసిపోయి మిషను మొత్తం చెడిపోయినట్టే.

కుంచం తరఫున ఏజెంటు రాలేదు. చేట తరఫున ఊరి ప్రెసిడెంటు తవిటినాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పదిసార్లు నొక్కి ఆవలించాడు.

"ఇన్నెందుకు మాస్టారూ? వొచ్చీది మా వదిన ఒక్కర్తే గదా."

"నియమం నాయుడూ."

"అదే మరి నవ్వొస్తంది. వదిన ఓటేటో లెక్కింపునాడు ఊరంతా తెలిసిపోతాది. మిషన్లో ఉండీది ఒక్కటి. దాసుకుందామన్నా ఎక్కడ దాసుకుంటాది?" కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆపి, గొంతు తగ్గించాడు. "బళ్లో వంట ఇరవయ్యేళ్లుగా సేస్తంది వదిన. అది మా మాట మీద నడిసీ పనే. మన మనిసనుకున్నాం ఇన్నాళ్లూ. సూద్దాం, అవునో కాదో."

టీ తాగొస్తానని చెప్పి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. గుమ్మంలో కానిస్టేబులు కునికిపాట్లు పడుతున్నాడు. గదిలో మాస్టారూ మిషనూ మిగిలారు.

లెక్కల మాస్టారై ఉండి ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లూ తట్టలేదు. ఓటు గుట్టు అట్టముక్క కాపాడుతుందనుకున్నాడు. కాపాడింది లైను. వడ్లరాశిలో ఒక గింజ దాక్కున్నట్టు, ఎనిమిది వందల ఓట్ల మధ్య ఒక ఓటు దాక్కునేది. పక్కింటివాడు వచ్చి ఓటేశాడంటే వాడి మాట వాడు చెప్పుకోవడమే కాదు, నీ మాట మీద ఓ దుప్పటి కప్పి వెళ్లాడన్నమాట. నువ్వు రాకపోతే నీ ఓటొక్కటే పోదు, వచ్చినవాడి ఒంటిమీద గుడ్డ పోతుంది. ఆ దుప్పటిని పోగుపోగునా లాగేసినవాడు తనే. లాగేసి, దండలు వేయించుకున్నాడు.

మిగిలిన నలభై తనే నొక్కాడు. మామూలుగా అయితే గుర్తుకిన్ని అని పక్కన గీతలు గీసుకునేవాడు. ఈసారి గీయలేదు. చూపు గోడమీద గుణింతాల పటం మీద పెట్టి, వేలు ఎటు పడితే అటు నొక్కాడు.

యాభై అయ్యాయి. క్లోజ్ నొక్కాలి. వేలు దాని మీదకి వెళ్లి ఆగింది.

తుడవకపోతే? లెక్కింపులో ఈ మిషనుని పక్కన పెట్టేస్తారు. గున్ని ఓటు లెక్కకి రాదు. కానీ ఎవరికీ తెలీదు కూడా. వంట పని పోదు. బస్సులో నలుగురిముందూ తను లాగేసుకున్నది ఇన్నాళ్లకి తిరిగిచ్చినట్టవుతుంది. బూతంటావా, పైవాళ్లకి ఓ ఉత్తరం రాసి మళ్లీ తెప్పించుకోలేమా? నీడ ఓటు పారినాయుడి మాటకి ఆమాత్రం విలువ ఉండదా?

మనిషి తప్పు చేసేటప్పుడు కారణాలు ఎంత బుద్ధిగా లైన్లో నిలబడతాయో!

వేలు వెనక్కి తీసుకున్నాడు. చీటీలు పెట్టెలోనే ఉంచేశాడు. "తుడిచి, సున్నా చూపించితిని" అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. తవిటినాయుడు టీ తాగి వచ్చి, చదవకుండా దానికింద తనూ గీకాడు.

ఏడు గంటలకి గున్నమ్మ వచ్చింది. తలంటుకుని, బీరువా అడుగున దాచుకున్న తల్లి పొందూరు చీర కట్టుకుంది. ఆడవాళ్ల లైను కోసమని కట్టిన తాడు వెంబడే, ముందు ఎవరూ లేకపోయినా, మెల్లిగా నడిచి గుమ్మంలో ఆగింది.

"శానా రద్దీగా ఉంది మాస్టారూ. లోపలికి రావొచ్చేటి?"

"పేరు?" అన్నాడు మాస్టారు రిజిస్టరు తెరిచి.

"తెలీదేటి?"

"చెప్పాలి. నియమం."

"గున్నమ్మ."

"భర్త పేరు?"

"ఈ వయసులో మొగుడి పేరు పలకమంటావేటి? అందులో రాసుందిగా, సూసుకో!"

కానిస్టేబులు నిద్రలోంచి లేచి మరీ నవ్వాడు. ఆవిడ సంతకం చేసి ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలి గోటిమీద నుంచి చర్మం దాకా మాస్టారు సిరా గీశాడు. గీత వంకరపోయింది. ముసలితనమనుకుందో ఏమో, రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని గీత తిన్నగా పడేదాకా వదల్లేదు.

అట్టల చాటున చాలాసేపు నిల్చుంది. మిషను కూసింది. బయటికి వచ్చి వేలు వెలుతురుకి పెట్టి చూసుకుంది.

"మా అమ్మ ఏలికి పడాల్సింది. ఇన్నాళ్లకి దాని సీర కట్టుకున్నదాని ఏలికి పడింది" అంది.

మాస్టారు తలొంచుకుని రిజిస్టర్లో అంకె వేశాడు. ఒకటి.

లెక్కింపునాడు రిజిస్టరు ఒకటంటే మిషను యాభై ఒకటంది. హాలంతా నవ్వింది. మాస్టారు క్లియర్ నొక్కడం మర్చిపోయాడు! గెలిచినవాడి మెజారిటీ మూడు లక్షల పైచిలుకు. ఆ యాభై ఒకటీ ఎటు పడినా ఫలితం మారదు కాబట్టి మిషనుని పక్కన పెట్టి సీలు వేశారు. చీటీలు విప్పి చూసే అవసరం కూడా రాలేదు. తవిటినాయుడు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. వంట పని జోలికి వెళ్లలేదు.

వైదేహి ఫోన్ చేసింది. "బాధపడకండి మాస్టారూ. మనుషులు మర్చిపోతారనే కదా మనం నీడ చేసింది." ఓదార్పుగానే అంది. ఆయన అన్నం విడిచిపెట్టి లేచిపోయాడు.

నెల తిరిగేసరికి బడి గోడకి ఇంకో కాగితం అంటుకుంది. ఈసారి మంచి జిగురుతోనే అంటించారు. చెల్లిన చేతి ఓటు లేనందున జీలుగువలస పోలింగు కేంద్రం రద్దు. మాస్టారు పైకి మూడు ఉత్తరాలు రాశాడు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది. నూరుమంది స్వహస్తం కాగితాలు తొంభై రోజుల్లో ఇస్తే పరిశీలిస్తామని.

ఆ మధ్యాహ్నం గున్నమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చూపుడువేలి గోరు కత్తిరించుకోలేదు. గోరు పెరిగే కొద్దీ నల్లటి గీత చివరికి జరుగుతోంది. ఆ ఓటుకి మిగిలిన రుజువు ఊళ్లో అదొక్కటే.

"గున్నీ" అన్నాడు మాస్టారు పక్కన చతికిలబడి. "నేను మర్చిపోలేదు."

జరిగినదంతా చెప్పాడు. తవిటినాయుడు అన్న మాట, ఆగిపోయిన వేలు, దొంగ సంతకం. ఆవిడ చేతులు ఆగలేదు. గింజలు టపటపా పళ్లెంలో పడుతూనే ఉన్నాయి. అంతా విన్నాక పళ్లెం పక్కకి నెట్టింది.

"తవిటినాయుడు నాకూ సెప్పాడు. ముందురోజే, బడి వంటింటికాడకొచ్చి."

"మరి?"

"తెలిస్తే తెలవనీ అనుకునే ఎల్లినాను. వంట పోతే పోనీ. ఈ ఊళ్లో కాదన్నది ఒక్కర్తి ఉందీ అని తెలవాలనే ఎల్లినాను. గుట్టు నాది మాస్టారూ. దాసుకుంటే నాను దాసుకుంటాను, ఇప్పుకుంటే నాను ఇప్పుకుంటాను. మజ్జిన నువ్వెవుడివి? నన్నడిగావా?"

మాస్టారు అరుగు మీద పడ్డ గింజనొకదాన్ని ఏరి పళ్లెంలో వేశాడు.

"అప్పుడూ అంతే. విశాఖలో. తప్పెలా వొచ్చింది, తప్పెలా వొచ్చింది అని పీక్కు తిన్నావు. నీ మనసెందుకు మారిందే అని ఒక్కపాలి అడగనేదు. అడిగుంటే సెప్దును." గొంతు తగ్గింది. "లైన్లో నా ముందు సూరమ్మ నిలబడింది. ఆ ముందు వానాకాలం, కల్వర్టు పడకముందు, దాని కూతురికి నెప్పులొస్తే గెడ్డ దాటనేక ఒడ్డునే కన్నాది. బిడ్డ దక్కనేదు. అది ఏడుస్తా సెప్పింది. ఇంటికాడ బయల్దేరినప్పుడు ఒకటనుకున్నాను. సూరమ్మ ఎనకాల నిలబడి లోపలికెల్లేసరికి ఇంకోటయ్యింది. నీ పూసకి అదెలా తెలుస్తాది? దాన్ని గుమ్మంలోనే ఇప్పించీసేవు గదా."

నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో రాసి మర్చిపోయిన అరశాతం ఇన్నాళ్లకి పెద్దదై మాస్టారి ఎదుట కూర్చుంది. నూట తొంభై తొమ్మిది సరిపోయాయని చప్పట్లు కొట్టిన రోజున, చూడవలసింది ఆ ఒక్కదాన్ని. ఇంటికీ బూతుకీ మధ్య, ఇంకో మనిషి వెనక నిలబడినంతసేపట్లో మనసు మారగలదని చెప్పింది అదొక్కటే.

"ఇరవయ్యేళ్లు అడగలేదు" అన్నాడు.

గున్నమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, గూట్లోంచి స్వహస్తం కాగితాల కట్ట తీసింది. "నూరు గావాల. సూరమ్మ ఇంటికాడ మొదలెడతాను. అడుగుతాను. ఇత్తే ఇత్తారు, నేదంటే నేదు."

మాస్టారు లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. పెట్టి, ఆగిపోయాడు. ఎండగా ఉంది, ఆవిడ ఒక్కర్తీ తిరగడం కష్టం, తను తోడు వెళ్లడమే మంచిది. ఆవిడకి కావలసిందీ అదే అయ్యుంటుంది. ఇదివరకైతే ఆ మాట అనుకుని ముందు నడిచేసేవాడే. కాళ్లు చెప్పుల్లోంచి వెనక్కి తీసుకున్నాడు.

"నన్ను కూడా రమ్మంటావా?" అన్నాడు.

గున్నమ్మ ఆయన వైపు చూసింది. ఏ పూసా చెప్పలేని చూపు.

"అడిగావు గదా" అంది. "అడిగినోడు ఆగాలి."

కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, నల్లగీత ఉన్న వేలితో మొదటి కాగితం అంచు సాపు చేస్తూ ఆలోచనలో పడింది. ఔనంటుందో కాదంటుందో మాస్టారికి తెలీదు. యాభై ఏళ్ల కాపురంలో ఆ తెలియకపోవడాన్ని మొదటిసారి ఒప్పుకుని, అరుగు చివర, ఎండలోనే కూర్చున్నాడు.